వెనకసీటు నుంచి వచ్చే మాట

జలాంతర్గామికి వెనక వైపు చెవుడు. ఎక్కడో మైళ్ల దూరంలో పోయే ఓడ చప్పుడును ముందునుంచీ పక్కలనుంచీ పట్టేస్తుంది గానీ, సరిగ్గా తన తోక వెనక ఏముందో దానికి వినపడదు. తన ప్రొపెల్లర్ హోరే తనకు అడ్డం. వెంటాడేవాడికి ఈ సంగతి తెలుసు, అందుకే వచ్చి అక్కడే నక్కుతాడు. పదిహేనేళ్లు నేను విశాఖపట్నంలో ఒక జలాంతర్గామిలో కొలువు చేశాను. చెవులకు ఫోన్లు తగిలించుకుని సముద్రాన్ని వినడం నా పని. ఇప్పుడు దోహాలో ఒకరింట్లో డ్రైవర్ని. నా కుడిచెవి పనిచేయదు.

ఈ ఆఖరి ముక్క నోరు తెరిచి చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పెన్షన్ చాలక ఇక్కడికి వచ్చాను. వచ్చిన రెండో ఏడు జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ చెవిలో కీచురాయి ఒకటి మిగిలిపోయింది. కొన్నాళ్లకు కీచురాయీ పోయింది, దాంతోపాటే వినికిడీ పోయింది. నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. చెవితో బతికినవాడికి చెవి పోవడమంటే వంటవాడికి నాలుక పోయినట్టు. సిగ్గుతో మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఫోను ఎడమచెవికి పెట్టుకుంటే ఆమెకేం తెలుస్తుంది?

కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకొకటుంది. మన దగ్గర స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి ఎక్కినవాళ్లు ఎక్కువగా డ్రైవరు ఎడమచెవి వైపు ఉంటారు. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు. నా మంచి చెవి కిటికీ అద్దానికి, చచ్చిన చెవి మనుషులకు. ఇంటి డ్రైవరుకు హుకుములన్నీ వెనకసీటు నుంచే వస్తాయి. ఇక్కడ ఆపు, అక్కడ తిప్పు, ఫోను మరిచిపోయాను వెనక్కి పోనీ. పైగా ఏసీ హోరు. పదిహేనేళ్లు తిరిగిన ఆ ఉక్కు చేప లాగే నాకూ వెనకవైపు ఏమీ వినపడని మూల ఒకటి తయారైంది.

ఆ మూలలో కూర్చునేది మామా. మా ఊళ్లో మామ అంటే మేనమామ, ఇక్కడ ఇంటి పెద్దావిడను పనివాళ్లందరం మామా అంటాం. ఆమె కొడుకు మా యజమాని, అతన్ని బాబా అంటాం. మామాకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది, గొంతు చిన్నది. ఎప్పుడూ వెనకసీట్లో కుడిపక్కన కూర్చునేది. నేను పెదవులు చదివి నెట్టుకొద్దామని, వెనకసీటు చూపించే ముందద్దానికి ఇంకో గుండ్రటి అద్దం తగిలించాను. తీరా చూస్తే మామా పాతకాలం మనిషి, ముక్కునూ నోటినీ కప్పే బతూలా ముసుగు లేకుండా బయటికి రాదు. అద్దంలో రెండు కళ్లు మాత్రం కనబడేవి. వాటిలో ఏముందో చదవడం నాకు ఎవరూ నేర్పలేదు.

నేర్పిన విద్యలు వేరే ఉన్నాయి. వెనక ఎవడైనా ఉన్నాడని అనుమానం వస్తే మా కెప్టెను ఉన్నట్టుండి పడవను పక్కకు తిప్పేవాడు. అప్పటిదాకా వెనకున్నది పక్కకు వస్తుంది, మా చెవులకు అందుతుంది. అయితే గడియారం చూసి తిప్పకూడదు. గంటకోసారి తిప్పితే వెంటాడేవాడు కూడా ఆ గంట నేర్చేసుకుంటాడు. నేనూ అలాగే చేశాను. ఒకసారి రెడ్ సిగ్నల్ దగ్గర, ఒకసారి ఊరకే రోడ్డు పక్కన ఆపి, టైరు చూసొస్తానని దిగి బండి చుట్టూ తిరిగి, ఎడమచెవి మామా వైపు పెట్టి, "ఏమన్నా కావాలా మామా?" అనేవాణ్ని. ఇంత శ్రద్ధగా టైర్లు చూసే డ్రైవరు ఖతర్ మొత్తంలో లేడని ఇంట్లో పేరొచ్చింది.

ఇంకొకటి, ఉత్తుత్తి చప్పుడు. టార్పెడో వెంటబడితే ఒక డబ్బా వదులుతారు. అది నీళ్లలో గోళీసోడా కొట్టినట్టు బుసబుసమంటూ గోల చేస్తుంది, టార్పెడో పడవను వదిలి దాని వెంట పోతుంది. నా డబ్బా ఫ్యాను బెల్టు. మాట వినపడక పోవలసిన సందు దాటిపోయినప్పుడల్లా, "బెల్టు కూస్తోంది మామా, వినపడలేదు" అనేవాణ్ని. నెల తిరిగేసరికి బాబా విసుగొచ్చి బండిని గ్యారేజీకి పంపాడు. అక్కడి మలయాళీ మెకానిక్కు బానెట్ ఎత్తి, అరగంట విని, కూత ఎక్కడుందో చూపించమన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బెల్టు కొత్తది వేయించుకొచ్చాం. ఆ రోజు నుంచి నాకు సాకు లేకుండా పోయింది.

అప్పటికి నా చెవి సంగతి తెలిసినవాడు ఈ దేశంలో ఒక్కడే. మెసైమీర్ క్యాంపులో ఉండే జగిత్యాల తమ్ముడు, సైటులో ఇనుము కట్టే పని. శుక్రవారం శుక్రవారం టీ తాగేవాళ్లం. ఒకరోజు నడుస్తుంటే అతనే అడిగాడు.

"ఏందన్నా, రెండడుగులకోపారి ఎనుకకు మర్లి చూస్తున్నవు? ఎవలన్న ఎంబడి వడ్డరా?"

"సెవి, తమ్ముడూ. కుడిపక్క ఏటీ వినపడదు. ఎవరికీ సెప్పకు."

అతను మారు మాట్లాడకుండా నా ఎడమ పక్కకు మారాడు. నాలుగడుగులు వేశాక, "నువ్వు సుత చెప్పకు. చెప్తె వీసా క్యాన్సిల్ కొట్టి ఇంటికి తోల్తరు. సప్పుడు జెయ్యకుంట డ్యూటీ జేస్కో" అన్నాడు. నాకూ కావలసిన సలహా అదే కాబట్టి బంగారంలా అనిపించింది.

ఈ గోలంతా రంజాన్‌కు ముందు. రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం మామాను ఎక్కించుకుని వస్తున్నాను. మెసైమీర్ వైపు మలుపు దగ్గర సైరన్ వినపడింది. వినపడింది గానీ ఎటువైపో తెలియలేదు. ఒంటిచెవివాడికి చప్పుడు ఉంటుంది, దిక్కు ఉండదు. దిక్కు చెప్పే ఉద్యోగం చేసినవాణ్ని, సముద్రంలో ఓడ ఏ మూలనుంచి వస్తోందో వేలు పెట్టి చూపినవాణ్ని, రోడ్డు మధ్యలో గుడ్లప్పగించి నిలబడిపోయాను. అంబులెన్స్ సరిగ్గా నా వెనకే ఉంది. అద్దంలో లైట్లు చూసేదాకా నాకు తెలియలేదు. మామా నా కుడివైపు వెనకనుంచి ఏదో అంటూనే ఉంది, అదీ వినపడలేదు. చివరికి పక్కకు తీశాను, అంబులెన్స్ దూసుకుపోయింది. ఆ తర్వాత మామా ఇల్లు చేరేదాకా ఒక్క మాట కూడా అనలేదు. అందులో ఎవరున్నారో, నావల్ల ఎంత ఆలస్యమైందో అని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు ఆమె బండి ఎక్కి కుడిపక్కన కూర్చోలేదు. జరిగి జరిగి, ఎడమపక్కకు వచ్చి, సరిగ్గా నా సీటు వెనక కూర్చుంది.

ఎన్నో ఏళ్ల అలవాటును ఆ వయసు మనిషి ఊరికే మార్చుకోదు. ముందద్దంలో ఆమె కనబడదు. నా తల నాకే అడ్డం. గుండ్రటి అద్దాన్ని ఎటు తిప్పినా కంటికొస, ముసుగు అంచు తప్ప ఏమీ దొరకదు. వెంటాడేవాడు ఎక్కడ కూర్చుంటాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. అంబులెన్స్ సంగతి కొడుకుతో చెప్పి ఉంటుంది. వీడికేదో లోపముంది, దగ్గరుండి కనిపెట్టమని అతను చెప్పి ఉంటాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె వెనక కదిలినప్పుడల్లా నా భుజాలు బిగుసుకునేవి.

జగిత్యాల తమ్ముడు కూడా అదే అన్నాడు. "ముసలామె జాగ మార్చిందంటె నీ మీద కన్నేసినట్టే అన్నా. కొడుకే వెట్టిండు కాపలా. పైలం."

రంజాన్ అయింది, పండగ అయింది, ఎండలు ముదిరాయి. మామా ఆ సీటు వదల్లేదు. నాకు నిద్ర తగ్గింది. ఆమె మాట ఇప్పుడు నాకు బాగానే వినపడుతోందన్న సంగతి కూడా నేను పట్టించుకోలేదు. భయం అంత చెవుడు ఇంకొకటి లేదు. ఉద్యోగం పోతుందన్న బెంగ సగం, ఎందుకు పోయిందో మా ఆవిడకు చెప్పాల్సి వస్తుందన్న బెంగ సగం.

ఆగస్టులో ఒక శనివారం. ప్రతి శనివారం పొద్దున మామా మదీనత్ అల్ షమాల్‌లో ఉన్న చెల్లెలింటికి పోతుంది. ఉత్తరానికి గంట పైన ప్రయాణం. ఊరు దాటి హైవే ఎక్కాక మామా ఫోనులో మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్న గొంతు, ఏసీ హోరు. మాటలు నీళ్లలో మునిగి తేలుతున్నట్టు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. వాటిలో ఒక ముక్క స్పష్టంగా వినపడింది. డ్రైవర్.

నా మాటే. కొడుకుతోనే.

అప్పుడు నేను చేసిన పని డ్రైవరు చేసేది కాదు, ఆ కొలువు చేసినవాడు చేసేది. వెనకవాణ్ని వినాలంటే ముందు మన చప్పుడు చంపాలి. పడవలో అయితే పంపులు ఆపేవాళ్లు, పంకాలు ఆపేవాళ్లు, వంట ఆపేవాళ్లు. చెంచా కింద పడితే కెప్టెను కళ్లతోనే కాల్చేసేవాడు. నేను చెయ్యి చాపి రేడియో ఆపాను. తర్వాత ఏసీ ఆపాను.

నా ఖర్మకు అప్పుడే మామా "యల్లా" అని ఫోను పెట్టేసింది.

మళ్లీ చేస్తుందని ఆగాను. ఏసీ వేస్తే ఆ చప్పుడుకు తప్పిపోతుందని వేయలేదు. రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. వెనక నుంచి ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆగస్టు ఎండ అద్దాల మీద దిగబడుతోంది. చొక్కా వీపుకు అతుక్కుంది, చెమట కళ్లలోకి కారింది. ఉక్కబోస్తోందని కూడా ఆమె అనకపోవడం నాకు మరీ అనుమానంగా తోచింది. నేను వింటున్నానని తెలిసే మాట్లాడట్లేదు అనుకున్నాను. సముద్రంలో ఇలాంటివి ఉంటాయి. రెండు పడవలూ ఇంజన్లు తగ్గించుకుని, ఒకదాని కోసం ఒకటి గంటల తరబడి నిశ్శబ్దంగా కాచుకుంటాయి. ముందు చప్పుడు చేసినవాడు ఓడిపోయినట్టు. నేను ఎడమచెవి వెనక్కి వంచుకుని, పళ్లు బిగబట్టి, డెబ్బై ఏళ్లు దాటిన షుగరు మనిషితో అలాంటి పోటీ పెట్టుకున్నాను. ఎంతసేపో నిజంగా తెలియదు. పది నిమిషాలు దాటి ఉంటుంది.

అప్పుడు ఎడమ భుజం మీద చెయ్యి పడింది.

ఈ దేశంలో ఇంటి పెద్దావిడ డ్రైవరును ముట్టుకోవడం నేను చూడలేదు, వినలేదు. రెండుసార్లు తట్టింది. రెండోసారి తట్టడంలో బలం లేదు, చెయ్యి జారిపోయింది. బండి పక్కకు తీసి వెనక్కి తిరిగాను. మామా తలుపుకు ఆనుకుని ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. మెడంతా చెమట.

"మామా! మామా!"

ఏసీ మొత్తం పెంచాను. దిగి పరుగున వెళ్లి ఆమె వైపు తలుపు తీశాను, నా ఒంటితో ఎండకు అడ్డం నిలబడ్డాను. చెల్లెలికి తీసుకుపోతున్న ఖర్జూరాల డబ్బా పక్కనే ఉంది. నీళ్ల సీసా మూత తీసి పట్టుకున్నాను. ఆమె ముసుగు నేను ముట్టుకోకూడదు. "మామా, తాగండి, మామా, కొంచెం" అని తెలుగులో బతిమాలుతున్నాను, ఆమెకు తెలుగు రాదన్న ధ్యాసే లేదు. కాసేపటికి ఆమే ముసుగు ఎత్తుకుంది. నీళ్లు తాగింది, ఒక ఖర్జూరం నమిలింది. ఇంకొకటి తీసుకుంది. ఆస్పత్రికి పోదామంటే వద్దని చెయ్యి ఊపింది. నేను రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. తారు కాలుతోందని తర్వాత తెలిసింది.

కాస్త తేరుకున్నాక అడిగింది. మా మధ్య భాష సగం అరబ్బీ, సగం హిందీ. "ఏసీ ఎందుకు ఆపావు?"

అబద్ధాలు ఏమీ మిగల్లేదు. బెల్టు కూడా కొత్తది. "మీరు నా గురించి ఏం మాట్లాడుతున్నారో విందామని, మామా" అన్నాను.

"మరి ఈ చెవితో వినపడలేదా?" అని నా ఎడమచెవి వైపు వేలు చూపించింది.

నేను ఆ చెవిని చేత్తో తడుముకున్నాను.

"నీ మంచి చెవి ఇదే కదా. అందుకే కదా నేను ఇటు వచ్చి కూర్చున్నది" అంది. కోపంగా అనలేదు, పిల్లవాడికి చెప్పినట్టు అంది. "మా నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. మునిగి మునిగి ఒక చెవి పోయింది. మా అక్కచెల్లెళ్లం ఎప్పుడూ ఆయన మంచి చెవి పక్కనే కూర్చునేవాళ్లం. నువ్వు మెడ తిప్పడం చూసి నాకు ఎప్పుడో అనుమానం. అంబులెన్స్ వచ్చిన రోజు రూఢి అయింది."

"మరి ఇంత ఉక్కబోస్తుంటే చెప్పలేదేం మామా?"

"మా నాన్న అలా తల వంచితే ఇంట్లో అందరం నోరు మూసుకునేవాళ్లం. ఆయనకు ఏదో వినాలని ఉందని. నీకూ ఏదో వినాలని ఉందనుకున్నాను. తర్వాత చెబుదామంటే ఓపిక లేకపోయింది." ఇంకో ఖర్జూరం తీసుకుని, "చెల్లెలితో అన్నాను, మా డ్రైవర్ అచ్చం నాన్నలా మెడ తిప్పుతాడని" అంది.

ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్లవాణ్ని, హైవే పక్కన లారీలు పోతుంటే, తలుపు పట్టుకుని ఏడ్చాను. నా ఉద్యోగం కాపాడుకోవడానికి, నన్ను కాపాడుతున్న మనిషిని చంపేంత పని చేశాను. ఆమె తన ఫోను నా చేతికిచ్చి, "నా కొడుకుకు నేను చెప్పలేదు. నువ్వు చెప్పు. ఇప్పుడే" అంది. ఈసారి గొంతులో మెత్తదనం లేదు.

ఫోను ఎడమచెవికి పెట్టుకుని అన్నీ చెప్పాను. చెవి, అంబులెన్స్, ఏసీ. అవతల చాలాసేపు చప్పుడు లేదు. నాకు అలవాటైన నిశ్శబ్దమే గానీ దానిలో ఏముందో తెలియలేదు.

"అమ్మ ఎలా ఉంది?"

"ఇప్పుడు బాగుంది, బాబా."

"ఇవాళ్టి నుంచి నా పిల్లల్ని నువ్వు ఎక్కించుకోవద్దు."

"సరే బాబా."

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం. నిన్ను ఉంచాలో పంపాలో అతను చెప్పాక చూస్తాను. అమ్మకివ్వు ఫోను."

ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఏసీ హోరులో నిలబడి, కావాలనే అటు తిరిగాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలలేదు. తేలేదాకా పడిన బెంగ మామూలుది కాదు. కానీ ఆ బెంగలో దాచుకోవాల్సింది ఏమీ లేదు, అదొక్కటే తేడా. ఆ సాయంత్రమే మా ఆవిడకు కూడా చెప్పాను. నాలుగు తిట్టింది, తర్వాత ఏడ్చింది.

ఆ పొద్దున మిగిలిన దారి ఏసీ నిండుగా వేసుకుని, మెల్లగా పోయాం. మదీనత్ అల్ షమాల్‌లో ఇంటి ముందు ఆపి, దిగి మామా వైపు తలుపు తీసి పట్టుకున్నాను. గేటులోంచి చెల్లెలు వచ్చింది. ఆమె నాతో అంతకుముందు ఎన్నడూ మాట్లాడలేదు. నేరుగా వస్తే నా కుడిపక్కకు వస్తుంది. రెండడుగుల దూరంలో ఆగి, నన్నోసారి చూసి, నా వెనకనుంచి చుట్టూ నడిచి ఎడమపక్కకు వచ్చి నిలబడింది. చాలా రోజుల తర్వాత నా వెనకనుంచి ఒక మనిషి పోతుంటే నేను తల తిప్పలేదు. ఆమె అడిగిన మాట పెద్దదేం కాదు. టీ తాగుతావా అని అడిగింది.